చేతి గ్రైండరు కొనుటకు ముందు చూడవలసినవి

కర్రు మొద్దువారినచో కమ్మరి కొలిమికి పోవుట మన పూర్వాచారము. నేడు రామగుండము, గోదావరిఖని పరిసర గ్రామములలో రోటవేటరు కత్తులు నూరుటకును, ఇనుప గొట్టములు కోయుటకును కరెంటుతో తిరుగు చేతి గ్రైండరును వాడుచున్నారు. 1954వ సంవత్సరమున జర్మనీలో రూపొందిన యీ పనిముట్టు నేడు రైతు కొట్టములోనికిని వచ్చినది. వెల స్వల్పమని పలువురు పరీక్షింపకయే కొనుచున్నారు. అది తగదు.

నాలుగంగుళముల చక్రము నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. అనగా దాని అంచు సెకనుకు సుమారు 58 మీటర్లు పోవును. అట్టి వేగమున వంకరగా తిరుగు యంత్రము పనిని చెరచుటయే గాక ప్రాణమునకును ముప్పు తెచ్చును.

తిన్నదనము పరీక్షించు విధము సులభము. మొదట ప్లగ్గు తీసివేయవలెను. చక్రము బిగించు ఇరుసును పట్టి పక్కలకు ఊపి చూడుడు. కదలినచో బేరింగు వదులని గ్రహింపవలెను. పిమ్మట చక్రమును బిగించి, దాని అంచు చెంత నొక తీగమొనను కదలకుండ నిలిపి, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుడు. సందు ఒకచోట హెచ్చి వేరొకచోట తగ్గినచో వంకర యున్నది. అప్పుడు ఇరుసును కదల్పక, చక్రమును మాత్రము అరచుట్టు మార్చి బిగించి మరల చూడవలెను. వంకర చక్రముతో పాటు జరిగినచో దోషము చక్రముది. ఇరుసు నంటియే యున్నచో దోషము యంత్రముది. అట్టిదానిని కొనరాదు.

రెండవది విడిభాగముల సంగతి. కార్బన్లు అరుగుట సహజము. వానిని మార్చుటకు బయటనే మూతలున్న యంత్రము మేలు. బేరింగుపై నంబరుండును గావున ఏ కంపెనీదైనను సరిపడును. ఆర్మేచరు, గేర్లు, స్విచ్చి మాత్రము ఆయా మాడలుకు తగినవే కావలెను. ఇవి దొరకునా యని అమ్మువానిని గాక, బాగుచేయువానిని అడుగుడు. 1920లో ఏర్పడిన సింగరేణి కంపెనీ గనుల నంటి పెరిగిన యీ ప్రాంతమున యంత్రపు పని తెలిసినవారికి కొదువ లేదు. వారి మాట విని కొనుట వివేకము.

మేమును ఒకమారు వెలను మాత్రమే చూచి మోసపోయితిమి. నాట్ల వేళ కేజివీలు విరిగెను. గ్రైండరు తీసిచూడగా కార్బన్లు అరిగియుండెను. ఆ కొలతవి ఏ దుకాణమునను దొరకలేదు. రెండు చిన్న ముక్కలు లేక దమ్ము మూడుదినములు ఆగినది.

చక్రముపై వ్రాసిన వేగము యంత్రపు వేగమునకు తక్కువ కారాదు. నడిమి లోహపు వలయముపై గడువు తేదీ యుండును, గడచినదానిని వాడరాదు. రక్షణ తొడుగును తీయరాదు, కంటి అద్దములను మరువరాదు. పత్తి కుప్పలకును గడ్డివాములకును దూరముగా పని చేయవలెను; ఒక్క నిప్పురవ్వ చాలును.

తుదకు సభ్యులకొక సూచన. ఒక గ్రామమువారందరును ఒకే మాడలు కొనినచో కార్బన్లను సంఘమునందే నిలువ యుంచవచ్చును. చెడిన యంత్రపు గేర్లు మరియొకదానికి పనికివచ్చును. రసీదు తప్పక తీసికొనుడు. చేతిలో తిన్నగా తిరుగునదియు, ఊరి చెంతనే బాగుపడునదియు నగు యంత్రమే రైతునకు చవుకైనది.