కనిగిరి నిమ్జ్: నేల బేరం ముగిసింది, యంత్రాల బేరం మొదలుకావలసి ఉంది

కనిగిరి: కందులు, పొగాకు, మిరప, బత్తాయిల రాకడ చూసి డబ్బు తిప్పే ఈ బజారులో పదేళ్ళకు పైగా మరో సరుకు కూడా నడుస్తున్నది. అది భూమి. కాటా లేదు, యార్డు లేదు, ధారణ పట్టిక లేదు. అయినా పామూరు రోడ్డు మీద దాని ధర తెలియని దళారి లేడు. పెట్టుబడిదారుల సొమ్ము ఏళ్ళ తరబడి అందులో ఇరుక్కుని ఉన్నది.

దీనికి మూలం 2011 నవంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ తయారీ విధానం. దేశ ఉత్పత్తిలో పరిశ్రమల వాటాను నూటికి 25కు పెంచాలని, పదేళ్ళలో 10 కోట్ల ఉద్యోగాలు కల్పించాలని అప్పటి సంకల్పం. అందుకు సాధనంగా జాతీయ పెట్టుబడుల, తయారీ జోన్లు, వాడుకలో నిమ్జ్‌లు, ఏర్పడ్డాయి. ఒక్కో జోన్ కనీసం 5,000 హెక్టార్లు ఉండాలి. అందులో నూటికి 30 వంతులు ఉత్పత్తికే కేటాయించాలి. నేల, నీరు, కరెంటు రాష్ట్రం చూడాలి. జోన్ వెలుపలి రోడ్డు, రైలు వంటి వాటికి కేంద్రం తోడ్పడుతుంది. పామూరు, పెదచెర్లోపల్లి మండలాలలో సుమారు 14 వేల ఎకరాలతో ప్రకాశం జోన్‌ను తలపెట్టారు. దేశం మొత్తం మీద తుది ఆమోదం దక్కింది మూడింటికే: మనది, తెలంగాణలోని జహీరాబాద్, ఒడిశాలోని కళింగనగర్.

తుది ఆమోదం అనగానే బజారు దాన్ని ఫ్యాక్టరీ అని చదువుకున్నది. అది పొరపాటు. ఆమోదం కాగితం మాత్రమే. హుండీ రాసినంత మాత్రాన సొమ్ము చేతికి రాదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 12 పారిశ్రామిక నగరాలకు డబ్బు మంజూరు చేసినప్పుడు జహీరాబాద్‌కు 2,361 కోట్లు, ఓర్వకల్లుకు 2,786 కోట్లు, కడప దగ్గరి కొప్పర్తికి 2,137 కోట్లు పడ్డాయి. ఆ పట్టికలో ప్రకాశం జోన్ లేదు. మనతోపాటు తుది ఆమోదం పొందిన జహీరాబాద్ ముందుకు వెళ్ళింది. మనది నేల బేరం దగ్గరే ఆగింది.

కారణాలు బజారుకు తెలియనివి కావు. ఫ్లోరైడు నీళ్ళు తాగే ఊళ్ళలో పరిశ్రమకు నీరెక్కడిది? వెలిగొండ మొదటి సొరంగం 2021లోను, రెండవది 2024 జనవరిలోను పూర్తయ్యాయి. కాని నిర్వాసితుల సంగతి తేలనిదే నల్లమలసాగర్‌లో నీరు నిలపటం కుదరదు. ఇక రైలు. 2011–12లో మంజూరైన నడికుడి–శ్రీకాళహస్తి మార్గం 309 కిలోమీటర్లు. సగం ఖర్చు, భూమి రాష్ట్రానివి. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా గీత గీశారు. సరుకు వ్యాగన్‌లో ఎక్కేదాకా ఇక్కడి తయారీదారు లారీ కిరాయితోనే పోటీ పడాలి.

అయితే ప్రభుత్వం చేయి వేసినదల్లా వృథా అనుకోవటానికి లేదు. పొగాకు సంగతే చూడండి. 1976 జనవరిలో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. 1985లో ఆంధ్రలో వేలాలు మొదలయ్యాయి. అంతకు ముందు రైతు సరుకు ఇచ్చి సొమ్ము కోసం తిరిగేవాడు; గ్రేడు కొన్నవాడి నోటి మాట. వేలం వచ్చాక ఒకే కప్పు కింద, అందరి కళ్ళ ముందు బేళ్ళు పరిచారు. పోటీదారులైన కొనుగోలుదార్లే పక్కపక్కన నిలబడి పాట పాడారు. ఎవరి వ్యాపారం వారిదే, తూకం మాత్రం అందరిదీ. కనిగిరి వేలం కేంద్రం ఎరిగినవారికి ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కరలేదు.

యంత్రాల విషయంలోనూ కావలసింది ఇదే. మార్కాపురం పలకల పేరు దేశమంతా ఎరుగును. నోటు పుస్తకం, ప్లాస్టిక్ పలక వచ్చి బడి పలకను తోసేశాయి; ఇప్పుడా రాయి గోడలకు, నేలకు డిజైన్ పెంకులుగా పోతున్నది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు చాలాభాగం ముడి దిమ్మెలుగానే చైనాకు వెళ్తున్నది. కోత, మెరుగుల లాభం అక్కడివారిది. కంప్యూటరు నడిపే కోత యంత్రం, మందం వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచే పరికరం ఒక చిన్న యూనిట్ ఒంటరిగా కొనలేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం ఉన్నది ఇందుకే: కొన్ని యూనిట్లు కలిసి కంపెనీగా ఏర్పడితే ఉమ్మడి యంత్రశాల ఖర్చులో పెద్ద భాగం కేంద్రం గ్రాంటుగా ఇస్తుంది. సభ్యులు తమ వాటా పెట్టాలి, గంట కిరాయికి పని చేయించుకోవాలి.

చిక్కంతా కలవటంలోనే. ఉమ్మడి శాలలో తన రాయి కోయిస్తే పక్కవాడికి ఆర్డరు తెలిసిపోతుందన్న జంకు సహజం. వేలం తొలినాళ్ళలో కొనుగోలుదార్లకూ ఇటువంటి జంకే ఉండి ఉంటుంది. అది పోగొట్టేది గ్రాంటు కాదు, లెక్కలు చూపే నిర్వహణ. మంగళగిరిలో 2025 ఆగస్టున ఆరంభించిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురాలలో శాఖలు పెట్టారు. పశ్చిమ ప్రకాశం రాతి పనివాడు సలహా కోసం వీటిలో ఏ ఊరికి వెళ్ళినా ఒక రోజు కూలి పోయినట్టే.

ఈలోగా చిన్న అడుగులు పడ్డాయి. 2025 ఏప్రిల్ 2న పి.సి.పల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది; నేపియర్ గడ్డి దానికి ముడిసరుకు. గడ్డి కూడా టన్నుల లెక్కన అమ్ముడుపోయే సరుకు కాబోతున్నదన్నమాట. కాని కొనేవాడు ఒక్కడే అయిన సరుకులో దళారికి మిగిలేది స్వల్పం. రవాణా కాంట్రాక్టులో మాత్రం పని ఉన్నది. కనిగిరి దగ్గర పెదఇర్లపాడులో చిన్న పరిశ్రమల పార్కు 2025 నవంబరులో ముందుకు వచ్చింది.

పార్కులో ప్లాటు కొనదలచినవారు ఒక్కటి అడిగి చూడాలి: ఉమ్మడి యంత్రశాల, పరీక్షల గది ప్లానులో ఉన్నాయా, లేక రోడ్డు, కరెంటు స్తంభాలేనా? రెండవదే అయితే అది మళ్ళీ నేల బేరమే. పామూరు రోడ్డున ఆ సరుకు నిల్వ ఇప్పటికే ఎక్కువ.