కాండము చూచి కషాయము కాచుడు

ఆ మధ్య ఒక ఇల్లాలు తిప్పతీగ కషాయమని సీసాలో తెచ్చి చూపినారు. నెలరోజులుగా ఇంటిల్లిపాదియు త్రాగుచున్నారట. తీగ ముక్క తెమ్మంటిని. కాండమంతయు బుడిపెలు, గిల్లినచోట పాలవంటి రసము. "అమ్మా, ఇది తిప్పతీగ కాదు, నేడే మానుడు" అంటిని. ఆకు చూచి కోసినారే గాని కాండము చూడలేదు.

గుంటగలగర, నేల ఉసిరి, సరస్వతి ఆకు వంటివాని కాండము లేతది. దానిని నిలుపునది చాలవరకు కణములలోని నీటి బిగువే. కనుకనే నీరు అందని పూట తల వ్రేలవేయును. వేప, తెల్లమద్ది వంటి చెట్లలో బెరడు క్రింద సన్నని పెరుగుదల పొర యొకటి యుండి లోపలికి కొయ్యను, వెలుపలికి బెరడును ఏటేట చేర్చుచుండును. కొయ్య కణముల గోడలలో లిగ్నిన్ అను గట్టి పదార్థము పేరుకొనుటచే నీరు తగ్గినను మ్రాను వంగదు.

ఎత్తును చూచి మోసపోరాదు. అరటి ఇంటి కప్పును మించినను అందు కొయ్య లేదు. మనము బోదె యనునది ఆకు తొడుగుల చుట్టయే, గెల వేయునపుడు లోపల పెరుగు దూటయే అసలు కాండము. తులసి కొనలు లేతవి, మొదలు మాత్రము ముదిరి కొయ్యబారును.

వంటింటిలో ఈ భేదము ఎందుకనగా, మెత్తని ద్రవ్యమునకు 4 రెట్లు, గట్టిదానికి 8, మిక్కిలి గట్టిదానికి 16 రెట్లు నీరు పోసి నాలుగవ వంతు మిగులునట్లు కాచుట మన పరిభాష. కొయ్యలోనికి నీరు మెల్లగా దిగును, కావున ముందు నలుగగొట్టి నానవేయవలెను. తులసి ఆకును అట్లు కాచినచో పరిమళ తైలము ఆవిరితో పోవును. మరిగిన నీటిలో వేసి మూతపెట్టిన చాలును.

ఇక తిప్పతీగ. తీగ యైనను లేత జాతి కాదు, ముదిరిన కొలది కొయ్యబారును. అడ్డముగా కోసినచో బండిచక్రపు ఆకులవలె రేఖలు కనబడును. చక్రలక్షణ యను పేరు అందుకే వచ్చినది. పైన కాగితమువంటి పలుచని పొర, గీరినచో క్రింద పచ్చదనము. బుడిపెలును పాలును ఉండవు. అవి యున్నది టినోస్పోరా క్రిస్పా అను వేరొక తీగ. 2022లో కేంద్ర ఆయుష్ శాఖ ఈ రెంటి భేదమును తెలిపి హెచ్చరించినది.

అసలు తీగ దొరికినను నెలల తరబడి త్రాగరాదు. 2021లో ముంబయి వైద్యులు దీనిని వాడిన కొందరిలో కాలేయము దెబ్బతిన్నదని ప్రకటించినారు. అది ఏ తీగ అను వాదము ఎట్లున్నను, కాలేయ రోగులు దీని జోలికి పోరాదనియే నా మతము. మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడిగి తీసికొనవలెను, చక్కెర మరీ దిగిపోవచ్చును.

ఆ ఇల్లాలికి కాలేయ పరీక్ష చేయించితిమి, దోషము కనబడలేదు. తీగను మాత్రము పందిరికి నీడయని ఉంచుకొన్నారు.