రసాయన శాస్త్ర పట్టభద్ర విద్య (గుంటూరు, ప్రకాశం ప్రాంతము)

రసాయన శాస్త్రము ఒక అంశముగా గల బి.ఎస్సీ. పట్టము ఆంధ్ర ప్రదేశ్‌లో ఎక్కువ దారులకు వీలు కల్పించే డిగ్రీలలో ఒకటి. ఔషధ పరిశ్రమ, ఉపాధ్యాయ వృత్తి, ఆహార పరీక్షాశాలలు, వ్యవసాయ రసాయనాల వ్యాపారము, పోటీ పరీక్షలు మొదలైన వాటికి ఇది పునాదిగా ఉపయోగపడుతుంది. ప్రత్తి, మిరప పంటలపై ఆధారపడిన గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఈ చదువుకు స్థానిక జీవితంతో దగ్గర సంబంధం ఉన్నది. (ఈ ప్రాంతము 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజన తరువాత గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలో విస్తరించి ఉన్నది.)

కళాశాలలు

గుంటూరులోని ఆంధ్ర క్రైస్తవ కళాశాల (ఏ.సి. కాలేజీ) 1885లో మొదలైనది. హిందూ కళాశాల, జె.కె.సి. కళాశాల, ప్రభుత్వ మహిళా కళాశాల, బాపట్ల ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కళాశాల, ఒంగోలులోని సి.ఎస్.ఆర్. శర్మ కళాశాల ఈ ప్రాంతములో పేరున్న ఇతర విద్యాసంస్థలు. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము ఏర్పడే వరకు ఇక్కడి కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయము పరిధిలో ఉండేవి. తరువాతి కాలములో ఒంగోలు కేంద్రముగా ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయము ఏర్పడినది. తెలుగు మాధ్యమ విద్యార్థులకు 1968లో స్థాపించిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు చాలాకాలము ఆధారముగా నిలిచాయి. అంశమాపనము, ఉత్ప్రేరకము, సంయోజకత వంటి మాటలు ఆ పుస్తకాల ద్వారానే విద్యార్థుల నోట నిలిచాయి.

రెండు వర్గాలకూ ఉమ్మడి అంశము

మూడు అంశాల బి.ఎస్సీ. విధానములో గణితము, భౌతిక శాస్త్రము తీసుకున్నవారికీ, వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము తీసుకున్నవారికీ మూడవ అంశము సాధారణముగా రసాయన శాస్త్రమే. అందుచేత ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. చదివినవారు, బై.పి.సి. చదివినవారు ఒకే ప్రయోగశాలలో కలిసేవారు. ఇంజనీరింగు, వైద్య విద్యలలో సీటు రానివారు చేరే కోర్సు అనే చిన్నచూపు దీనికి ఎప్పుడూ ఉన్నది. అది న్యాయమైన అంచనా కాదు.

గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు కుటుంబములో పుట్టిన కల్లం అంజిరెడ్డి ఏ.సి. కాలేజీలో బి.ఎస్సీ. చదివాడు. తరువాత బొంబాయిలో ఔషధ రసాయనాల సాంకేతిక విద్య, పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన ముగించి, హైదరాబాదులోని ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించాడు. గుంటూరుకే చెందిన ఏ.వి. రామారావు 1985 నుండి 1995 వరకు హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు (ఐ.ఐ.సి.టి.) సంచాలకుడు.

మిరపలోని రసాయన శాస్త్రము

మిరప ఘాటుకు కారణము కాప్సైసిన్. ఎరుపుకు ముఖ్య కారణము కాప్సాంథిన్ అనే కెరోటినాయిడ్. వెలుతురు, వేడి, గాలి తగిలితే ఈ రంగు ఆక్సీకరణము చెంది వెలిసిపోతుంది. గుంటూరు చుట్టుపక్కల ఇన్ని శీతల గిడ్డంగులు ఉండటానికి ఇదొక కారణము. వ్యాపారులు 'ఆస్టా' అని పిలిచే రంగు విలువను కనుగొనడానికి మిరపపొడిని ఎసిటోన్‌లో నానబెట్టి, 460 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము వద్ద ఆ ద్రావణము ఎంత కాంతిని శోషిస్తుందో కొలుస్తారు. దీని వెనుక ఉన్నది డిగ్రీలో చదివే బీర్-లాంబర్ట్ నియమమే.

2003లో భారతదేశము నుండి వెళ్ళిన మిరప ఉత్పత్తులలో సూడాన్-1 అనే రంగు ఉన్నట్లు ఫ్రాన్సులో బయటపడినది. క్యాన్సర్ కారకముగా అనుమానించే ఈ రంగును ఆహారములో వాడరాదు. యూరోపియన్ సమాఖ్య వెంటనే తనిఖీ పత్రాలను తప్పనిసరి చేసినది. డిగ్రీ విద్యార్థి ప్రయోగశాలలో ఎనిలీన్‌ను గుర్తించడానికి దానిని మంచులో చల్లబరచి, సోడియం నైట్రైట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లము కలిపి, ఆపై బీటా నాఫ్తాల్ చేరుస్తాడు. అప్పుడు వచ్చే నారింజ-ఎరుపు అవక్షేపము సూడాన్-1 తప్ప మరొకటి కాదు. పరీక్ష కోసము బట్టీపట్టే ఆ చర్య మిరప రైతు సరుకు ధరను శాసించగలదని పాఠములో చెప్పేవారు తక్కువ.

ప్రత్తి, పురుగుమందులు

ప్రత్తి గింజల ముడినూనెలో గాసిపాల్ అనే విషపదార్థము ఉంటుంది. ఆమ్ల స్వభావము గల దీనిని కాస్టిక్ సోడాతో శుద్ధి చేసి తొలగిస్తారు. అయితే ఈ ప్రాంతములో ప్రత్తి అనగానే గుర్తుకు వచ్చేది పురుగుమందులే. 1987-88లో పంట దెబ్బతిని ప్రకాశం, గుంటూరు జిల్లాలలో అనేకమంది ప్రత్తి రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. పదేపదే చల్లిన సింథటిక్ పైరిత్రాయిడ్లకు శనగపచ్చ పురుగు నిరోధకశక్తి పెంచుకోవడము నాటి నష్టానికి ఒక ముఖ్య కారణము. పైరిత్రాయిడ్లలో అధిక భాగము ఎస్టర్లు. పురుగు శరీరములోని ఎంజైములు వాటిని ఆక్సీకరణము, జలవిశ్లేషణముల ద్వారా విరగగొట్టగలవు. ఒకే మూలపదార్థము వేర్వేరు పేర్లతో అమ్ముడవుతున్నప్పుడు, మందు మార్చానని అనుకున్న రైతు నిజానికి మార్చడు. డబ్బాపై చిన్న అక్షరాలలో ఉండే రసాయన నామము చదవగలిగినవారు ఊరిలో ఒకరున్నా ఎంతో మేలు.

2015లో సవరించిన కేంద్ర నిబంధనలు పురుగుమందుల దుకాణము లైసెన్సుకు వ్యవసాయ పట్టముతో పాటు రసాయన శాస్త్రము చదివిన సైన్సు పట్టమును కూడా అర్హతగా గుర్తించాయి. ఈ సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు.

పై చదువులు, ఉద్యోగాలు

ఎం.ఎస్సీ. కోరేవారికి రాష్ట్ర పి.జి.సెట్, ఐ.ఐ.టి.లు నిర్వహించే జామ్ పరీక్ష ఉన్నవి. హైదరాబాదు, విశాఖపట్నము పరిసరాలలోని మందుల కర్మాగారాలు నాణ్యతా పరీక్ష విభాగాలలో పట్టభద్రులను తీసుకుంటాయి. పరిశోధన విభాగాలలో మాత్రము ఎం.ఎస్సీ.కి, అందునా కర్బన రసాయన శాస్త్రానికి, ప్రాధాన్యము ఎక్కువ. ఆహార భద్రతా అధికారి ఉద్యోగానికి రసాయన శాస్త్రములో స్నాతకోత్తర పట్టము ఒక అర్హత. పేటెంటు ఏజెంటు పరీక్షకు సైన్సు పట్టము చాలు. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది.

2023-24లో రాష్ట్ర కళాశాలలలో ఒకే ప్రధానాంశము, దానికి తోడుగా ఒక ఉపాంశము ఉండే విధానము వచ్చినది. రసాయన శాస్త్రము లోతుగా చదవడానికి ఇది అనుకూలమే గాని, పాత మూడు అంశాల వెసులుబాటు తగ్గినది. ఉన్నత పాఠశాలలలో భౌతిక, రసాయన శాస్త్రాలను ఒకే ఉపాధ్యాయుడు బోధిస్తాడు గనుక, బి.ఎడ్. చేయదలచినవారు భౌతిక శాస్త్రమును ఉపాంశముగా ఎంచుకొనుట మంచిది. కళాశాల ఎంపికలో ప్రయోగశాలను స్వయముగా చూడవలెను. బ్యూరెట్లు ఎన్ని ఉన్నాయి, వారానికి ఎన్ని గంటలు ప్రయోగాలు చేయిస్తారు అన్నవి ముందుగా అడగవలసిన ప్రశ్నలు.