కొత్త కంప్యూటర్‌లో పాత కంప్యూటర్ ఎందుకు?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కొలబద్దకు కొత్త రంగు వేయొచ్చు, సున్నా గీతను మాత్రం జరపకూడదు. జరిపితే పాత లెక్కలన్నీ తారుమారు.

వర్చువల్ మెషీన్‌కూ ఇదే చిక్కు. అది సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి కంప్యూటర్. అలాంటి యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్, ఫాబ్రిస్ బెల్లార్ మొదలుపెట్టిన క్యూఈఎంయూ, నేటికీ 1996 నాటి ఇంటెల్ 440ఎఫ్‌ఎక్స్ చిప్‌సెట్‌ను అనుకరిస్తుంది. ఎందుకు? తనకు తెలిసిన భాగాలు మారిపోతే లోపలి పాత విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు, అసలు లేవకపోవచ్చు కూడా.

మరి ఎలా? యంత్రం నమూనాకు వెర్షన్ సంఖ్య ఇస్తారు. కోడ్ ఎంత మారినా, పాత సంఖ్య అడిగితే పాత రూపమే కనిపిస్తుంది, ఒక్కోసారి పాత తప్పులతో సహా! అయితే ఈ బరువు ఎల్లకాలం మోయలేరు. అందుకే ఆరేళ్లు దాటిన సంఖ్యలను క్యూఈఎంయూ ఇప్పుడు తీసేస్తోంది.