ఎత్తైన కొండలు ఎక్కబోయే ముందు



మన సంఘ యౌవనస్థులు కొందరు వచ్చే జూన్‌లో మనాలి దగ్గరున్న హంప్టా పాస్‌కు ట్రెక్కింగ్ వెళ్లాలనుకుంటున్నారు. దాని ఎత్తు సుమారు 4,270 మీటర్లు. మొన్న ఆరాధన అయిన తర్వాత మా దగ్గరికి వచ్చి, "సిస్టర్, కొండ మీద తల తిరగకుండా ఏదైనా బిళ్ల ఉందా?" అని అడిగారు. బిళ్ల ఉంది. దానికంటే ముందు చెప్పవలసిన సంగతి ఒకటుంది.

మన రహమత్ నగర్‌లోనే ఉంటూ సినిమా షూటింగుల్లో లైట్ల పని చేసే తమ్ముడొకడు కొన్నేళ్ల క్రితం స్నేహితులతో లేహ్ వెళ్లాడు. బరువైన లైట్లు భుజాన మోసేవాడు, గట్టి మనిషి. విమానంలో నేరుగా 3,500 మీటర్ల ఎత్తున దిగాడు. మర్నాడు పొద్దునే తలనొప్పి, తిండి సహించలేదు. చెబితే తనవల్ల అందరి ప్రయాణం ఆగిపోతుందని, పైగా ఎగతాళి చేస్తారని దాచాడు. రెండు నొప్పి బిళ్లలు మింగి 5,359 మీటర్ల ఎత్తున్న ఖర్దుంగ్ లాకు బండిలో వెళ్లాడు. అక్కడ దిగి తాగినవాడిలా తూలిపోయాడు. వెంటనే కిందికి దించి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టబట్టి దక్కాడు. "వాడికేం కాదనుకున్నామమ్మా" అని వాళ్లమ్మ ఇప్పటికీ అంటుంది.

మన హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల పైన ఉంది. 2,500 మీటర్లు దాటిన దగ్గరనుండి గాలి పలచబడిన ప్రభావం తెలుస్తుంది. 5,500 మీటర్ల దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ సగమే. దానికి అలవాటు పడటానికి శరీరానికి కొన్ని రోజులు కావాలి. కండబలం ఆ రోజులను తగ్గించదు. బలమున్నవారే తొందరగా ఎక్కి జబ్బు తెచ్చుకోవడం కద్దు.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మన గురుకుల పాఠశాలల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ గుర్తున్నారు కదా! పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. వారిని ఒక్కసారిగా అంత ఎత్తుకు తీసుకుపోలేదు. మొదట భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత చలికాలపు లద్దాఖ్, చివరకు ఎవరెస్టు. మెట్టుమెట్టుగా ఎక్కించారు.

కాళ్లకు, ఊపిరితిత్తులకు సాధన మాత్రం ఇక్కడే చేయవచ్చు. మూడు నెలల ముందే మొదలుపెట్టండి. మన సందుల ఎత్తుపల్లాలు గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయికి బాగా తెలుసు, మీకూ పనికివస్తాయి. సంచిలో ఐదు కిలోల బియ్యం వేసుకొని వారానికి నాలుగైదు రోజులు ఎక్కి దిగండి. పక్కవారితో మాట్లాడగలిగినంత వేగం చాలు. దిగడం కూడా సాధన చేయాలి, మోకాళ్లు నొచ్చేది అప్పుడే. కొత్త బూట్లు ఇక్కడే తొడిగి అరగదీయండి.

ఆడపిల్లలు హిమోగ్లోబిన్ తప్పక చూపించుకోవాలి. రక్తం తక్కువైతే ఐరన్ బిళ్లలతో పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది, వారం ముందు వస్తే మేమేమీ చేయలేము. ఆస్తమా, గుండెజబ్బు, బి.పి., షుగర్ ఉన్నవారు, గర్భిణులు డాక్టరుగారిని అడగకుండా డబ్బు కట్టవద్దు. ఇన్సులిన్ చలికి గడ్డకడితే పనికిరాదు, ఒంటికి దగ్గరగా బట్టల లోపల ఉంచుకోవాలి.

3,000 మీటర్లు దాటాక నిద్రపోయే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒకరోజు ఆగాలి. తీసుకువెళ్లేవారిని ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటామో ముందే అడగండి. తలనొప్పి, వాంతులు, నీరసం ఉంటే ఇంకా పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే దిగిపోవాలి. మడమకు బొటనవేలు ఆనించి తిన్నగా నడవలేకపోయినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రని చూడకుండా కిందికి దించాలి. ఒంటరిగా పంపకూడదు.

ఇక బిళ్ల సంగతి. దాని పేరు ఎసిటజోలమైడ్. సాధారణంగా ఎక్కే ముందురోజు మొదలుపెడతారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు. ఇది వేసుకున్నామని తొందరపడి ఎక్కడమూ వద్దు.

జూన్‌లో బయలుదేరేవారు మార్చిలోగా ఓ.పి.కి రండి. హిమోగ్లోబిన్ పరీక్షకు పరగడుపున రానక్కరలేదు. పాత చీటీలు, పడని మందుల పేర్లు తెచ్చుకోండి. వీలైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకురండి, ఈ గుర్తులు వారికి కూడా చెబుతాము. అక్కడినుండి ఫోన్ చేసినప్పుడు "తల నొస్తున్నదా?" అని అడిగేది వారే కదా.