తెల్లాపూర్‌కు మారుతున్నారా? ముందు పిల్లల తరగతి చూడండి



"తెల్లాపూర్‌లో ఫ్లాట్ చూశాం. మీ బ్రాంచ్ అక్కడికి దగ్గరేనా?" అడ్మిషన్ల సీజన్ మొదలైతే మా కౌంటర్ దగ్గర ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. దగ్గరో దూరమో చెప్పడం తేలిక. కానీ మేము ముందు ఎదురు ప్రశ్న వేస్తాం: బాబు ఇప్పుడు ఏ క్లాసు? పాప ఏ క్లాసు? ఇల్లు ఎప్పుడు మారాలన్నది చాలావరకు ఆ జవాబును బట్టే తేలుతుంది.

మూడో క్లాసో నాలుగో క్లాసో అయితే కంగారు పడాల్సిన పని లేదు. ఎనిమిదో క్లాసు అంటే మాత్రం కూర్చోబెట్టి మాట్లాడతాం.

ఎందుకంటే తెలంగాణలో కన్వీనర్ కోటా ఎంబీబీఎస్ సీటుకు 'స్థానికత' కావాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, మొత్తం నాలుగేళ్లు వరుసగా ఈ రాష్ట్రంలోనే చదవాలి. 2024లో వచ్చిన జీవో 33 ఈ నిబంధన పెట్టింది. దీని మీద విద్యార్థులు కోర్టుకు వెళ్లారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తేల్చింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, సైనికులు వంటి కొన్ని వర్గాల పిల్లలకు మినహాయింపులున్నాయి. ప్రైవేటు ఐటీ ఉద్యోగం ఆ జాబితాలో లేదు. "మాది వరంగలే కదండీ, ఉద్యోగం కోసం బెంగళూరు వెళ్లాం" అన్నా లెక్కలోకి రాదు. సొంతూరు ఏదన్నది కాదు, పిల్లలు ఎక్కడ చదివారన్నదే చూస్తారు.

కాబట్టి పాపకు డాక్టర్ కావాలని ఉంటే తొమ్మిదో క్లాసు మొదలయ్యేలోపే ఇక్కడికి వచ్చేయండి. ఇప్పటికే ఇక్కడ ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. పదో తరగతి అయ్యాక ఇంటర్‌కి విజయవాడకో కోటాకో పంపే అలవాటు మన ఇళ్లలో ఉంది. పంపే ముందు ఈ నాలుగేళ్ల లెక్క ఒకసారి చూసుకోండి.

డాక్టర్ ఆలోచన లేకపోయినా తొమ్మిది పూర్తయ్యాక బడి మార్చడం తలనొప్పే. సీబీఎస్‌ఈలో బోర్డు పరీక్షకు పిల్లల పేర్లు తొమ్మిదిలోనే నమోదవుతాయి. సీబీఎస్‌ఈ గుర్తింపు ఉన్న బడిలో తొమ్మిది చదివితేనే పదిలో చేరనిస్తారు. పదిలో బడి మారాలంటే తల్లిదండ్రుల బదిలీ లాంటి కారణం చూపించి బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. కొత్త ఫ్లాట్ గృహప్రవేశం బదిలీ కిందకు రాదు!

చిన్న క్లాసుల పిల్లలున్న ఇళ్లకు ఇంకో లెక్క ఉంది. తెల్లాపూర్ సంగారెడ్డి జిల్లా. పక్కనే ఆనుకుని ఉన్న నల్లగండ్ల రంగారెడ్డి జిల్లా. కిరాణా కొట్టుకు వెళ్లినంత సులువుగా జిల్లా దాటేస్తాం, పట్టించుకోం. కానీ 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఏ జిల్లాలో చదివితే అక్కడ స్థానికులవుతారు. ఇక్కడ లెక్కకు వచ్చేది బడి ఉన్న జిల్లా, మీ ఇల్లున్న జిల్లా కాదు. రెండు జిల్లాలూ ఒకే జోన్‌లో ఉన్నాయి కాబట్టి తేడా వచ్చేది జిల్లా స్థాయి పోస్టులకే. దీనికోసం బడి మార్చమని మేము చెప్పం. బడి మారిన ప్రతిసారీ టీసీతో పాటు స్టడీ సర్టిఫికెట్ కూడా తీసుకుని దాచిపెట్టండి, అంతే. పదిహేనేళ్ల తర్వాత దానికోసం తిరిగితే ఆ బడి అక్కడ ఉండకపోవచ్చు.

ఇక తెల్లాపూర్ సంగతి. పక్కనున్న బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్‌ను 1960ల్లో ఫ్యాక్టరీతో పాటే ఒక ప్లాను ప్రకారం కట్టారు: క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఆటస్థలం. తెల్లాపూర్ అలా పెరగలేదు. ఇది మున్సిపాలిటీ అయిందే 2018లో. ఇక్కడ అపార్ట్‌మెంట్లు ముందొచ్చాయి, రోడ్లూ ఫుట్‌పాత్‌లూ వాటి వెనక పరుగెడుతున్నాయి. గేటు లోపల స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, క్లబ్ హౌస్ ఉంటుంది. గేటు దాటాక పదేళ్ల పిల్ల ఒక్కతే నడిచి వెళ్లి చార్ట్ పేపర్ కొనుక్కుని రాగలదా? కుటుంబానికి అనువైన చోటు అవునో కాదో చూడటానికి మాకు తెలిసిన పరీక్ష ఇదే. బ్రోచర్‌లో దీనికి జవాబు దొరకదు. సాయంత్రం ఐదింటికి వెళ్లి ఆ వీధిలో నడిచి చూడండి.

ఆదివారం మధ్యాహ్నం సైట్ విజిట్‌కి వెళ్తే కొల్లూరు దగ్గర ఓఆర్‌ఆర్ దిగగానే వచ్చేసినట్టు ఉంటుంది. అదే దారిలో సోమవారం ఉదయం ఏడున్నరకు ఒకసారి వెళ్లండి. లింగంపల్లి–వికారాబాద్ రైలు మార్గం ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. ఇల్లు పట్టాలకు ఒకవైపు, బడి రెండోవైపు పడితే మ్యాప్‌లో కనిపించే దూరాన్ని నమ్మొద్దు. పైగా స్కూల్ బస్ నేరుగా రాదు, స్టాపులన్నీ తిరిగి వస్తుంది. మా ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జిని ఫీజు ఒక్కటే అడక్కండి. మీ స్టాపు వరుసలో ఎన్నోది, పిల్ల ఎన్నింటికి బస్సెక్కుతుంది, ఎన్నింటికి దిగుతుంది అని అడగండి. యూకేజీ పాపకు రోజూ రానూపోనూ రెండు గంటల బస్ ప్రయాణమైతే, మా బ్రాంచే అయినా సరే, దగ్గర్లో ఇంకో మంచి బడి చూసుకోమనే చెబుతాం.

కొత్త ఫ్లాట్ అయితే హ్యాండోవర్ తేదీ కోసం సేల్స్ వాళ్ల మాట మీద ఆధారపడకుండా తెలంగాణ రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు గడువు చూడండి. గడువు అక్టోబరులో ఉంటే జూన్‌లోనే పిల్లలను ఇక్కడ చేర్చి, ఆ కొన్ని నెలలు దగ్గర్లో అద్దెకు ఉండటం మేలు. ఏడాది మధ్యలో బడి మారితే పోర్షన్ కంటే స్నేహితుల దగ్గరే పిల్లలకు ఎక్కువ ఇబ్బంది.

వేరే రాష్ట్రం నుంచో విదేశాల నుంచో వచ్చేవాళ్లు తెలుగు సంగతి ముందే చూసుకోండి. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడిలోనైనా తెలుగు తప్పనిసరి. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లల కోసం తొమ్మిది, పది తరగతులకు 'వెన్నెల' అనే తేలిక వాచకం ఉంది. అడ్మిషన్ ఫారం నింపేటప్పుడే పిల్లలకు అక్షరాలు వచ్చో రాదో చెబితే, ఏ వాచకం సరిపోతుందో తెలుగు టీచర్ చూసి చెబుతారు.