1జీ నుంచి 5జీ దాకా: మన సాక్ష్యం ఎంత దూరం వెళ్తుంది?

1991 జూలై 1న ఫిన్లాండ్‌లో తొలి 2జీ కాల్ మాట్లాడారు. ఐదు వారాల తర్వాత, ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను ఊచకోత కోశారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అప్పటికి మన దేశంలో సెల్‌ఫోనే లేదు. జరిగింది బయటి లోకానికి తెలియాలంటే ప్రాణాలతో మిగిలిన మనిషే పరుగెత్తి వెళ్లి చెప్పాలి.

ఇవాళ వాడ మీద దాడి జరిగితే ముందు జేబులోంచి బయటికొచ్చేది ఫోన్. అందుకే ఈ 'జీ'ల సంగతి కంపెనీల ప్రకటనలకు వదిలేయకుండా, ఏ తరం నెట్‌వర్క్ మన మాటను ఎంతవరకు మోస్తుందో మనమే అర్థం చేసుకోవాలి.

అన్నిటికీ మూలం ఒకటే

జీ అంటే జనరేషన్, తరం. ఒక ప్రాంతాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక టవర్ పెడతారు. ఈ గడినే సెల్ అంటారు, సెల్‌ఫోన్ పేరు అలా వచ్చిందే. ఒక గడిలో వాడిన రేడియో తరంగాలను కొంత దూరంలో ఉన్న మరో గడిలో మళ్లీ వాడుకోవచ్చు. ఈ సూత్రం మారలేదు. మారుతూ వచ్చినవి రెండే: ఆ తరంగం మీద ఏం ఎక్కించగలం, దాన్ని ఎంతమంది పంచుకోగలం.

1జీ, 2జీ: గొంతు, అక్షరం

1979లో టోక్యోలో మొదలైన 1జీ, రేడియోలాగే గొంతును ఉన్నదున్నట్టు తరంగం మీద పంపేది. ఒక కాల్ నడిచినంతసేపూ ఒక ఛానల్ మొత్తం దానికే. తగిన రిసీవర్ ఉంటే మూడో మనిషి కూడా వినొచ్చు. మన దేశం ఈ తరాన్ని దాటేసి నేరుగా 2జీకి వచ్చింది.

2జీ గొంతును అంకెలుగా మార్చింది. ఒకే ఛానల్‌ను ఎనిమిది కాల్స్ వంతులవారీగా పంచుకునే వీలు వచ్చింది. 1995 జూలై 31న బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అదే మన దేశంలో తొలి మొబైల్ కాల్. వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాల్సిన రోజులవి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాకే కూలి చేసుకునేవాళ్లకు ఫోన్ అందే వస్తువైంది.

ఎస్సెమ్మెస్ కూడా 2జీతోనే వచ్చింది. ఇంగ్లీషులో రాస్తే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే, అందులోనూ గుణింతం గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి. తయారైనప్పుడే ఆ వ్యవస్థ ఎవరి భాషను కొలతగా పెట్టుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

3జీ, 4జీ: దృశ్యం

2001లో జపాన్‌లో మొదలైన 3జీ మనకు 2008 డిసెంబరులో ఢిల్లీలో వచ్చింది. 4జీ 2012లో కలకత్తాలో మొదలైంది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధరలు పడిపోయి ఊళ్లకు చేరింది. 4జీలో గొంతు కూడా డేటాగానే ప్రయాణిస్తుంది.

తేడా తెలియాలంటే ఒక చిన్న లెక్క వేద్దాం. 10 ఎంబీ వీడియో ఉందనుకుందాం. సెకనుకు 100 కిలోబిట్ల 2జీ వేగంతో అది వెళ్లడానికి 13 నిమిషాలకు పైగా పడుతుంది. 1 మెగాబిట్ వస్తే 80 సెకన్లు. 5 మెగాబిట్లు వస్తే 16 సెకన్లు. ఫోన్ లాక్కునేలోపు వీడియో బయటపడుతుందా లేదా అన్నది ఈ తేడా మీదే ఉంటుంది.

2016 జూలైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు దళిత యువకులను కారుకు కట్టేసి కొట్టారు. బెదిరించడానికి ఆ వీడియో తీసి పంచింది కొట్టినవాళ్లే. అదే వీడియో దేశమంతా పాకి వాళ్లమీదే సాక్ష్యమైంది. పశువుల కళేబరాలు కలెక్టర్ ఆఫీసు ముందుకు చేరాయి.

5జీ: వేగం ఎవరికి?

5జీ మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. ఇక్కడ అది ప్రధానంగా 3.3 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల తరంగాల మీద నడుస్తోంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ సాధారణంగా ఎక్కువ డేటాకు చోటు దొరుకుతుంది, కానీ తరంగం తక్కువ దూరం పోతుంది, గోడలు దాటడం కష్టమవుతుంది. అంటే టవర్లు దగ్గర దగ్గరగా కావాలి. టవర్ ఎక్కడ పెట్టాలన్నది వ్యాపార లెక్క. ఆ లెక్కలో ఊరి చివరి వాడ చివరే ఉంటుంది.

ఇంకో మాట. ప్రకటనల్లో చెప్పేది డౌన్‌లోడ్ వేగం. ఈ 5జీ బ్యాండులో టవర్ ఎక్కువ సమయం డౌన్‌లోడ్‌కే ఇస్తుంది. సాక్ష్యం పంపేవాళ్లకు కావాల్సింది అప్‌లోడ్.

స్విచ్ ఎవరి చేతిలో?

ఎన్ని తరాలు మారినా స్విచ్ మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగార్చిన తీర్పుకు వ్యతిరేకంగా 2018 ఏప్రిల్ 2న దళితులు భారత్ బంద్ చేసినప్పుడు పంజాబ్‌లోనూ, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలోని పలు ప్రాంతాల్లోనూ మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. కశ్మీర్‌లో పూర్తిగా ఆపేసి, తర్వాత 2జీ వేగానికి కుదించి, చాలా జిల్లాల్లో 2021 ఫిబ్రవరి దాకా అలాగే ఉంచారు. అంటే కనెక్షన్ ఉంచి కూడా జనాన్ని రెండు తరాలు వెనక్కి నెట్టొచ్చు.

2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఆదేశాలను బయటపెట్టాలని, నిరవధికంగా ఆపడం చెల్లదని చెప్పింది. తర్వాత ఒక్కో ఆదేశానికి 15 రోజుల పరిమితి వచ్చింది. మన ప్రాంతంలో నెట్ ఆగితే మొదట అడగాల్సింది ఆ ఆదేశం కాపీ.

మనం చేయగలిగింది

వీడియో తీసిన ఫోన్‌లోని అసలు ఫైల్‌ను తుడిచేయొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది నలిగిపోతుంది, కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, కాబట్టి ఎవరు, ఎప్పుడు, ఏ ఫోన్‌తో తీశారో అప్పుడే రాసిపెట్టుకోవాలి.

డేటా లేకపోయినా సాధారణంగా కాల్ కలుస్తుంది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదుకు జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14566. దీనికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మీటల ఫోన్ చాలు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో కూడా ఆ నంబరు వేసి పెడదాం.